రెండు తీగల విమానం - పగ్గాల లెక్క

ఎడ్లబండి తోలేవాడి చేతిలో రెండు పగ్గాలుంటాయి. ఎడమది లాగితే బండి ఎడమకి, కుడిది లాగితే కుడికి. ఎంత అనుభవం ఉన్న మనిషైనా పగ్గాన్ని లాగగలడే గానీ తొయ్యలేడు. తాడుకి లాగుడు తప్ప ఇంకో విద్య రాదు. పగ్గం వదులైందంటే ఆ క్షణానికి బండి ఎడ్ల ఇష్టం.

ఇప్పుడు ఆ రెండు పగ్గాల చివర ఎడ్లకి బదులు గంటకి 85 కిలోమీటర్ల వేగంతో చుట్టూ తిరిగే చిన్న విమానం ఉందనుకోండి. దాని పేరే కంట్రోల్ లైన్ మోడల్. మధ్యలో నిలబడ్డ మనిషి చేతిలో ఒక హ్యాండిల్, హ్యాండిల్ నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు, తీగల చివర విమానం. హ్యాండిల్ని పైకి వంచితే విమానం పైకి లేస్తుంది, కిందకి వంచితే దిగుతుంది. రేడియో లేదు, బ్యాటరీ లేదు, సర్వో మోటారు లేదు. మరి గాలి ఒత్తిడికి ఎదురొడ్డి ఆ తోక రెక్కని (ఎలివేటర్) తిప్పే బలం ఎక్కడినుంచి వస్తోంది? "చేతినుంచి" అని వెంటనే అనేస్తాం. అది సగం జవాబే. మిగతా సగం కోసం కొంచెం చరిత్ర, కొంచెం లెక్క చూడాలి.

ముందు చరిత్ర. 1936లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, గ్రెషమ్ అనే ఊరి దగ్గర ఓబా సెయింట్ క్లెయిర్ అనే ఆయన 'మిస్ షర్లీ' అనే పెద్ద మోడల్ విమానాన్ని తీగలతో అదుపు చేస్తూ ఎగరేశాడు. దాన్ని వ్యాపారం చెయ్యాలన్న ఆలోచన ఆయనకి పెద్దగా ఉన్నట్టు లేదు. అదే రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ నగరానికి చెందిన జిమ్ వాకర్ కి మాత్రం ఆ ఆలోచన బాగా ఉంది. 1940లో 'ఫైర్‌బాల్' అనే మోడల్ని 'యూ-కంట్రోల్' అనే పేరు పెట్టి అమ్మాడు. 1942లో పేటెంటు కూడా వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో ఈ ఆట ఊరూరా పాకింది. 1950ల్లో చిన్న ఇంజన్ల తయారీదారు లెరాయ్ కాక్స్ ఈ తరహా విమానాలు అమ్మడం మొదలెడితే వాకర్ కోర్టుకెక్కాడు. 1955లో ఆ కేసులో సెయింట్ క్లెయిర్ 1936 నాటి విమానం సంగతి బయటికొచ్చింది. అంతకుముందే ఉన్న విద్యకి పేటెంటు చెల్లదని తేలింది. వాకర్ ఓడిపోయాడు. కానీ ఈ ఆటని జనంలోకి తీసుకెళ్ళిన ఘనత ఆయనదే, దాన్ని ఏ కోర్టూ కొట్టెయ్యలేదు.

మన దగ్గర ఈ విద్యకి నీడనిచ్చింది ఎన్.సి.సి. 1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చింది, 1950లో ఎయిర్ వింగ్ మొదలైంది. ఎయిర్ వింగ్ కేడెట్లు నేర్చుకునేవాటిలో ఏరోమోడలింగ్ ఒకటి. ఆలిండియా వాయు సైనిక్ క్యాంపు పోటీల్లో కంట్రోల్ లైన్ విమానం ఎగరెయ్యడం కూడా ఒక అంశం. బాల్సా చెక్క, జిగురు, పల్చటి కాగితం, ఒక చిన్న ఇంజను... ఇంతే సరంజామా.

ఈ విమానం లోపల ఒక ముక్క ఉంటుంది. దాన్ని బెల్ క్రాంక్ అంటారు. ఇంగ్లండులో పాతకాలం పెద్దిళ్ళలో యజమాని తన గదిలో తీగ లాగితే పనివాళ్ళ గదిలో గంట మోగేది. ఆ తీగ గోడ మూల తిరగాలంటే వడ్రంగి మూలమట్టం ఆకారంలో ఒక ముక్క కావాలి, ఆ పేరు అక్కడినుంచి వచ్చింది. రెండు తీగలూ బెల్ క్రాంక్ రెండు చివర్లకి కట్టి ఉంటాయి. ఒకటి ఎక్కువ లాగితే అది తిరుగుతుంది, దానికి బిగించిన కడ్డీ వెనక ఎలివేటర్ని తిప్పుతుంది. ఏరోబాటిక్స్ చేసే విమానాల్లో రెక్క వెనక అంచున ఫ్లాపులు కూడా ఉంటాయి. అవీ అదే కడ్డీకి కట్టుబడి ఎలివేటర్‌కి వ్యతిరేక దిశలో తిరుగుతాయి.

ఇక బలం సంగతి. బస్సు కిటికీలోంచి వచ్చే గాలికి అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. పడుకోబెట్టి పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. కాస్త ఏటవాలు చెయ్యగానే మణికట్టుని మెలి తిప్పేస్తుంది. బస్సు వేగం రెట్టింపైతే ఆ మెలి నాలుగింతలవుతుంది, ఎందుకంటే గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. విమానం ఎలివేటర్ కూడా తలుపులాగా బందుల మీద వేలాడే పలకే. దాన్ని గాలికి అడ్డంగా తిప్పితే, గాలి దాన్ని మళ్ళీ మూసెయ్యాలని చూస్తుంది. ఆ మూసే మెలినే ఇంజనీర్లు హింజ్ మొమెంట్ అంటారు.

దీన్ని కాగితం మీద లెక్కగట్టే దారి చూపించినవాళ్ళలో ముఖ్యుడు ఇంగ్లండుకి చెందిన హెర్మన్ గ్లావర్ట్. బందు మీద తిరిగే ఫ్లాపు ఉన్న రెక్కకి సిద్ధాంతపరంగా ఎంత లిఫ్ట్ వస్తుంది, బందు దగ్గర ఎంత మెలి పడుతుంది అన్నది 1927లో ప్రచురించాడు. లెక్క తేలిగ్గా చెప్పాలంటే ఇది: గాలి ఒత్తిడి, పలక వైశాల్యం, పలక వెడల్పు, ఈ మూడింటినీ గుణించి, పలక ఎంత వాలిందో చెప్పే ఒక గుణకంతో మళ్ళీ గుణించాలి. గమనించండి, వెడల్పు ఇందులో రెండుసార్లు వస్తోంది, వైశాల్యంలో ఒకసారి, విడిగా ఒకసారి. అంటే పలక పొడవు అలాగే ఉంచి వెడల్పు సగం చేస్తే మెలి పావు వంతుకి పడిపోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

పెద్ద విమానాల్లో ఈ మెలి సరదా వ్యవహారం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళ జీరో విమానం మలుపుల్లో మహా చురుకు. 1942 జూన్ లో అలాస్కా దగ్గర అకుటాన్ దీవిలో ఒక జీరో దిగబడిపోయింది. అమెరికా వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి, బాగుచేసి, ఎగరేసి చూశారు. వేగం 200 నాట్లు దాటితే దాని ఐలరాన్లు బిగుసుకుపోయి పైలట్ చేతికి లొంగడం లేదని తేలింది. విమానంలో తిరిగే సత్తా లేక కాదు, దాన్ని తిప్పే కండ మనిషిలో లేక. దాంతో అమెరికన్ పైలట్లకి ఒక సూత్రం దొరికింది, జీరోతో తలపడాల్సొస్తే ఎక్కువ వేగంలో తలపడు అని. అదే కాలంలో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నాకాలో రాబర్ట్ గిల్రూత్ మంచి విమానానికి ఉండాల్సిన లక్షణాలని అంకెల్లో పెట్టాడు, ఆ నివేదిక 1943లో అచ్చయింది. పైలట్ చెయ్యి ఎంత బలం పెట్టాలి అన్నది అందులో ఒక కొలత. తర్వాత హైడ్రాలిక్ పంపులొచ్చి ఆ బరువుని తమ నెత్తిన వేసుకున్నాయి.

అంటే పెద్ద విమానంలో హద్దు పైలట్ కండ. మరి కంట్రోల్ లైన్ మోడల్లో? ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. మణికట్టులో బోలెడు బలముంది, కానీ ఆ బలం విమానం దాకా చేరేది రెండు తీగల ద్వారా. తీగ తొయ్యలేదు. ఒక తీగలో లాగుడు పెరగాలంటే రెండోదాంట్లో తగ్గాలి. రెండింట్లోనూ కలిపి ఉన్న మొత్తం లాగుడు మన చేతిలో లేదు, అది విమానం తిరగడం వల్ల పుట్టేది. మా పాలమూరు వైపు జొన్న చేలల్లో మంచె ఎక్కి వడిసెల తిప్పేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది విప్పి చెప్పక్కర్లేదు. రాయి తిరుగుతున్నంతసేపే తాడు బిగువు. తిప్పడం ఆపితే తాడు వేలాడిపోతుంది.

కాబట్టి ఎలివేటర్ని తిప్పే బలాన్ని భరించేది విమానమే. మన చెయ్యి చేసేది ఆ లాగుడుని రెండు తీగల మధ్య పంచడం మాత్రమే. బ్యాంకులో ఉన్న డబ్బుకి మించి చెక్కు రాయలేం, అలాగన్నమాట.

ఇప్పుడు ఆ బ్యాంకులో ఎంతుందో చూద్దాం. ఒక మామూలు ఏరోబాటిక్ మోడల్ తీసుకుందాం. బరువు 1.8 కిలోలు, తీగల పొడవు (వృత్త వ్యాసార్థం) 20 మీటర్లు, ఒక చుట్టుకి 5.3 సెకన్లు. చుట్టుకొలత దాదాపు 126 మీటర్లు, కాబట్టి వేగం సెకనుకి 23.7 మీటర్లు. లాగుడు అంటే బరువు ఇంటూ వేగం వర్గం బై వ్యాసార్థం. సుమారు 50 న్యూటన్లు వస్తుంది, అంటే ఐదు కిలోల బియ్యం సంచి చేతికి వేలాడినట్టు. ఇది మన జమ.

ఖర్చు ఎంత? మన ఎండలకి, సముద్రమట్టం నుంచి మన ఎత్తుకి గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.1 కిలోలు అనుకుందాం. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 310 న్యూటన్లు. ఫ్లాపులు రెండూ కలిపి 130 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు. ఎలివేటర్ 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు. అన్నీ 25 డిగ్రీలు తిరిగాయనుకుంటే గుణకం 0.3 అని పెట్టుకోవచ్చు. ఫ్లాపుల దగ్గర మెలి 0.435 న్యూటన్ మీటర్లు, ఎలివేటర్ దగ్గర 0.14. కలిపితే 0.575. బెల్ క్రాంక్ 40 డిగ్రీలు తిరిగితే పలకలు 25 డిగ్రీలు తిరుగుతాయి కాబట్టి, గేరు లాగా, బెల్ క్రాంక్ దగ్గర కావల్సింది 0.36 మాత్రమే. బెల్ క్రాంక్ మీద తీగలు కట్టే రంధ్రాల మధ్య దూరం 10 సెంటీమీటర్లు, అంటే ఒక్కో చెయ్యి 5. 40 డిగ్రీలు తిరిగేసరికి ఆ చెయ్యి లెక్కకి పొట్టిదై 3.8 అవుతుంది. కాబట్టి రెండు తీగల లాగుడు మధ్య ఉండాల్సిన తేడా సుమారు 9 న్యూటన్లు.

జమ 50, ఖర్చు 9. హాయిగా ఉంది కదా! నిజమే, గాలి లేని రోజు, నేలకి సమాంతరంగా తిరుగుతున్నంతసేపూ.

ఇప్పుడు అదే విమానాన్ని మన నడినెత్తి మీదకి తీసుకెళ్దాం. ఎక్కేటప్పుడు వేగం కాస్త తగ్గి సెకనుకి 20 మీటర్లయిందనుకోండి. తిరగడం వల్ల వచ్చే లాగుడు 36 న్యూటన్లు. కానీ నెత్తి మీద ఉన్నప్పుడు విమానం బరువు మన వైపుకే లాగుతుంది కాబట్టి 17.7 తీసెయ్యాలి. మిగిలింది 18. ఖర్చు కూడా వేగంతో పాటు తగ్గి 7 కి దిగింది. జమ 18, ఖర్చు 7. ఇంకా ఫరవాలేదు.

ఇప్పుడు గాలి వీచనిద్దాం, సెకనుకి 8 మీటర్లు. మన దగ్గర ఆషాఢంలో ఆ మాత్రం గాలి వింతేమీ కాదు. నెత్తి మీద విమానం ఆ గాలికి ఎదురు వెళ్తోంది. నేలతో పోలిస్తే దాని వేగం 20, గాలితో పోలిస్తే 28. ఇక్కడే అసలు తిరకాసు. తీగల్లో లాగుడు నేల వేగాన్ని బట్టి ఉంటుంది, ఎందుకంటే వృత్తం కేంద్రం నేల మీద నిలబడ్డ మనిషి. పలకల మీద మెలి గాలి వేగాన్ని బట్టి ఉంటుంది. గాలి లేనప్పుడు రెండు వేగాలూ ఒకటే కాబట్టి జమా ఖర్చూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. గాలి రాగానే రెండూ విడిపోతాయి. జమ అదే 18 దగ్గర ఉంటుంది, ఖర్చు 13 కి ఎగబాకుతుంది. అంటే ఒక తీగలో పదహారుకి కాస్త తక్కువ, రెండోదాంట్లో రెండున్నర. రెండో తీగ దాదాపు వదులైపోయింది. ఇంకాస్త గట్టి గాలి కొడితే చెయ్యి ఎంత వంచినా విమానం అంతకంటే తిరగదు.

పతంగి ఎగరేసేవాళ్ళకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. పతంగికి గాలి ఎంత వీస్తే మాంజా అంత బిగువు. ఈ విమానానికి బిగువు తన పరుగునుంచి రావాలి, గాలి సాయం చేసే చోట చేస్తుంది, ఎగ్గొట్టే చోట ఎగ్గొడుతుంది.

ఈ సంగతిని లెక్కలతో సహా మామూలు ఆటగాళ్ళకి అర్థమయ్యేలా అమెరికన్ మోడల్ పత్రికల్లో రాసినవాడు బిల్ నెట్జ్‌బ్యాండ్. అందుకే ఈ హద్దుని ఆటగాళ్ళు ఇప్పటికీ 'నెట్జ్‌బ్యాండ్ గోడ' అంటారు. పేరు బాగా కుదిరింది. గోడ ముందు దాకా అంతా మామూలే, గోడ తగిలాక చెయ్యి బలం పనికిరాదు. లూప్ అడుగున విమానం పైకి లేవాల్సిన చోట లేవదు. అది నేలకి మీటరున్నర ఎత్తులో జరిగితే ఆ విమానం బతుకు అక్కడితో సరి.

మందు కూడా లెక్కలోనే ఉంది. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదిగో ఇక్కడ పనికొస్తుంది. ఫ్లాపు వెడల్పు 6 నుంచి 4.5 కి తగ్గిస్తే దాని మెలి దాదాపు సగమవుతుంది. రెండోది, బెల్ క్రాంక్ ని పెద్దది చెయ్యడం. ఒకప్పుడు మూడంగుళాల బెల్ క్రాంకులు మామూలుగా వాడేవాళ్ళు, పెద్ద ఏరోబాటిక్ మోడళ్ళలో తర్వాత నాలుగంగుళాలవి వచ్చాయి. చెయ్యి పొడవైతే అదే మెలికి తక్కువ లాగుడు చాలు, కాకపోతే చేత్తో హ్యాండిల్ ఎక్కువ వంచాలి. ఏదీ ఉచితంగా రాదు కదా. టెక్సాస్ లోని స్టాంజెల్ సోదరులైతే ఈ పగ్గాల గొడవే లేకుండా ఒకే తీగని మెలితిప్పి విమానాన్ని అదుపు చేసే 'మోనోలైన్' పద్ధతి తెచ్చారు.

ఇంతా చెప్పింది కేవలం ఆట గురించే అయితే ఇంత లెక్క అక్కర్లేదు. నాకు ఇందులో ముఖ్యమనిపించింది వేరే ఉంది. మన ఇంజనీరింగ్ పరీక్షల్లో బరువు ఇస్తారు, వేగం ఇస్తారు, వ్యాసార్థం ఇస్తారు, లాగుడెంతో చెప్పమంటారు. మూడు అంకెలు గుణించి భాగిస్తే మార్కులు. ఆ లాగుడు ఎవరికి పనికొస్తుంది, ఎవరు దాన్ని ఖర్చు పెడుతున్నారు, ఎప్పుడు అయిపోతుంది అని ఏ ప్రశ్నాపత్రమూ అడగదు. పైన చేసిన లెక్కలో ఇంటర్ ఫిజిక్స్ దాటింది ఆ ఒక్క గుణకం తప్ప ఏమీ లేదు. కానీ రెండు వేర్వేరు వేగాలు రెండు వేర్వేరు బలాల్ని నడుపుతున్నాయన్నది తట్టాలంటే సూత్రం తెలిస్తే చాలదు, ఆ సూత్రంలో 'వేగం' అన్నచోట దేనితో పోలిస్తే వేగం అని ఆగి అడగాలి. ఇప్పుడు కంప్యూటర్లో సిమ్యులేషన్ నడిపితే రంగురంగుల బొమ్మలొస్తాయి. ఆ బొమ్మ తప్పో ఒప్పో చెప్పడానికి కూడా ముందు ఈ కాగితం లెక్కే కావాలి.

2016 అక్టోబర్ లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడివిడి జిల్లాలయ్యాయి. వనపర్తి సంస్థానం రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ ఉంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తోంది. రాజుల కోటల్లో చదువులు పెట్టుకున్న ప్రాంతం మాది. ఈ ప్రయోగానికి కావల్సింది ఒక యాభై మీటర్ల ఖాళీ మైదానం, పాత సామాన్ల బండివాడి దగ్గర ఉండే స్ప్రింగ్ కాటా ఒకటి. విమానం కూడా తర్వాత సంగతి. ముందు అట్టముక్కకి బందు పెట్టి, బైకు వెనక కూర్చున్నవాడు గాలికి పట్టుకుని, కాటాతో లాగి చూస్తే హింజ్ మొమెంట్ అంటే ఏంటో చేతికే తెలుస్తుంది. 40 లోనూ 60 లోనూ కొలిచి, రెండోది మొదటిదానికి రెండుంపావు రెట్లు వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఎందుకు రాలేదో ఆలోచించండి, అసలు చదువు అక్కడ మొదలవుతుంది.

విమానం దాకా వెళ్ళేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. 1.8 కిలోలు సెకనుకి 23.7 మీటర్ల వేగంతో వెళ్తుంటే దాని శక్తి దాదాపు 500 జౌళ్ళు, పది కిలోల బండరాయి ఐదు మీటర్ల ఎత్తునుంచి పడ్డట్టు. అందుకే పోటీల్లో ఎగరేసే ముందు తీగల్ని కాటా పెట్టి లాగి చూస్తారు. ఏరోబాటిక్స్ లో విమానం బరువుకి పది రెట్లు లాగుతారు, అంటే మన మోడల్‌కి 18 కిలోలు. అసలు లాగుడు 5 కిలోలే అయినా సరే. ఇంక రెండోది, పొడవాటి ఉక్కు తీగ చేత్తో పట్టుకున్నవాడు కరెంటు తీగల దరిదాపుల్లో ఉండకూడదు. మన ఊళ్ళలో ఏ ఖాళీ జాగా పక్కన చూసినా లెవెన్ కేవీ లైను పోతుంటుంది. ముందు తలెత్తి పైకి చూడండి, ఆ తర్వాతే కింద మైదానం చూడండి.

సెయింట్ క్లెయిర్ ఎగరేశాడు, వాకర్ అమ్మాడు, గ్లావర్ట్ సూత్రం రాశాడు, నెట్జ్‌బ్యాండ్ ఆ సూత్రాన్ని ఆటగాడి చేతిలో పెట్టాడు. మొదటి ముగ్గురి పేర్లకీ కోర్టు రికార్డుల్లోనో, కేటలాగుల్లోనో, పాఠ్యపుస్తకాల్లోనో చోటు దొరికింది. నాలుగోవాడికి ఒక గోడ దక్కింది. నన్నడిగితే మన కాలేజీలకి ఇప్పుడు ఎక్కువ అవసరమైంది ఆ నాలుగోవాడే. మీరేమంటారు?